కంపెనీ కట్టిన ఊరు

ఒక పెళ్లికని గత నెలలో జంషెడ్‌పూర్ వెళ్లాను. దిగిన స్టేషన్ పేరే టాటానగర్. కడ్మాలో పెద్దనాన్నగారి ఇంట్లో నీళ్ల బిల్లు మున్సిపాలిటీకి కాక కంపెనీ తరఫు సంస్థకు కడతామని వదినగారు మామూలుగా చెప్పినప్పుడు, పెద్ద వ్యాపారమంటే నేను ఇన్నాళ్లూ వస్తువులు, ధరలు, లాభాల లెక్కల్లోనే వెతికానని అర్థమైంది.

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడే నాటికి, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న సాక్చి ఒక చిన్న పల్లె. 1912లో అక్కడ ఉక్కు తయారైంది. చట్టం అడగకముందే, అదే ఏడాది కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి టాటా వ్యాపారాలకు ఆద్యుడైన జంషెట్జీ పేరు పెట్టాడు. అంతకుముందు నుంచీ ఆ నేలపై బతికిన ఆదివాసుల పేర్లు మాత్రం ఏ కూడలిలోనూ నా కంటబడలేదు (నేను తిరిగింది రెండు రోజులే).

"ఇక్కడ ఓటు అడిగేవాళ్లు వేరు, వీధిదీపం వెలిగించేవాళ్లు వేరు," అన్నారు ఆ కర్మాగారంలోనే రిటైరైన పెద్దనాన్నగారు. ఆ మాటలో గర్వం పాలెంతో, ఫిర్యాదు పాలెంతో తిరుగు ప్రయాణంలో కూడా తేల్చుకోలేకపోయాను.