కణితి రాలేదు సరే, చెడింది ఏ జన్యువు? - నా అనుభవం

పీహెచ్‌డీలో నా వంతుకు వచ్చిన పని ఇది: ఆగ్రోబాక్టీరియంలో (తన డీఎన్ఏ ముక్కను మొక్కలోకి పంపి కణితి పుట్టించే నేల బ్యాక్టీరియా) ఏ జన్యువు చెడితే మొక్కకు కణితి పుట్టకుండా పోతుందో పట్టుకోవడం. కణితి పుట్టించే ఎ348 స్ట్రెయిన్‌లోకి (రకంలోకి) టీఎన్5 ట్రాన్స్‌పోజాన్‌ను, అంటే ఎక్కడో ఒకచోట దూరి అక్కడి జన్యువును చెడగొట్టే డీఎన్ఏ ముక్కను పంపి, అది దూరినవే బతికే కెనమైసిన్ (యాంటీబయాటిక్) ప్లేట్ల మీద మిగిలిన కాలనీలను కలంచో మొక్క కాండానికి గాట్లు పెట్టి ఎక్కించాను. ప్రతి మొక్క మీదా ఒక గాటులో మామూలు ఎ348, ఇంకో గాటులో టీఐ ప్లాస్మిడ్ (కణితి పుట్టించే జన్యువులుండే డీఎన్ఏ వలయం) లేని ఎ136 పోలిక కోసం ఉండాల్సిందే. గది చల్లగా ఉంచడమూ అంతే ముఖ్యం. వేడి 30 డిగ్రీలు దాటితే మంచి బ్యాక్టీరియా కూడా కణితి సరిగా పుట్టించలేదు.

కొన్ని వారాలకు మామూలు గాట్లలో లేతాకుపచ్చ గరుకు గడ్డలు లేచాయి. కొన్ని మ్యూటెంట్ల (జన్యువు చెడినవాటి) గాట్లు మానిపోయాయి. ఒక్క గాటు దగ్గర మాత్రం గడ్డలోంచి సన్నటి తెల్లని వేళ్లు పీచులా వేలాడుతున్నాయి! అంటే ఇది తన టీ-డీఎన్ఏను (ప్లాస్మిడ్‌లోంచి మొక్కలోకి వెళ్లే ముక్కను) మొక్కకు చేర్చింది. అందులో సైటోకైనిన్ అనే మొక్క హార్మోన్‌ను తయారుచేయించే ఐపీటీ జన్యువు చెడి అది తగ్గింది, వేళ్లు పుట్టించే ఆక్సిన్ హార్మోన్‌ది పైచేయి అయి వేళ్లు వచ్చాయి. దాన్ని పక్కకు తీసిపెట్టాను.

అసలు కణితే రానివాటిలో ముందు ప్లాస్మిడ్ ఉందో లేదో చూశాను. ఆక్టోపైన్ (కణితిలో తయారయ్యే పదార్థం) తిని పెరిగితే ఉన్నట్టే, దాన్ని తినే జన్యువులు ఆ ప్లాస్మిడ్ మీదే ఉంటాయి. ఆ తర్వాత, టీ-డీఎన్ఏను మొక్కకు పంపే విర్ జన్యువులు మేలుకుంటున్నాయో లేదో చూడటానికి, వాటిలో ఒకటైన విర్‌బీ ప్రమోటర్‌కు (జన్యువును పనిచేయించే స్విచ్‌కు) లాక్‌జెడ్ అనే రంగు తెప్పించే జన్యువును తగిలించిన ప్లాస్మిడ్‌ను ఎక్కించి, పీహెచ్ 5.5 దగ్గర ఎసిటోసిరింగోన్ ఇచ్చాను. గాయపడ్డ పొగాకు కణాల నుంచి ఊరే ఈ పదార్థమే విర్ జన్యువులను లేపుతుందని 1985లో తేలింది. లాక్‌జెడ్ పనిచేస్తే నీలం వచ్చే ఎక్స్-గాల్ ప్లేట్ మీద ఎ348 నీలంగా మారింది. ఒక మ్యూటెంట్ మాత్రం తెల్లగానే ఉండిపోయింది. గాయం కబురు దానికి అందడం లేదన్నమాట. కబురు అందుకునేది విర్‌ఏ, విర్ జన్యువులను పనిలోకి దింపేది విర్‌జీ. మంచి విర్‌జీ ఇచ్చినా మార్పు లేదు. విర్‌ఏ ఇస్తే నీలం వచ్చింది, కాండం మీద కణితీ వచ్చింది. ట్రాన్స్‌పోజాన్ ఎక్కడ దూరిందో తెలిసినంత మాత్రాన నేను నమ్మను, ఇంకోచోట మరో మార్పు జరిగి ఉండొచ్చు కదా. మంచి జన్యువు తిరిగి ఇచ్చాక కణితి లేస్తేనే లెక్క.

నన్ను బాగా తిప్పలు పెట్టినవి, నీలంగా మారి కూడా కణితి పుట్టించనివి. వీటికి ఒక అద్భుతమైన పరీక్ష ఉంది. విర్‌ఈ2 ప్రొటీన్ మొక్క కణంలో ఒంటిపోగు టీ-డీఎన్ఏను కప్పి కాపాడుతుంది. అది డీఎన్ఏతో సంబంధం లేకుండా విడిగానే మొక్కలోకి వెళ్లగలదు. అందుకని టీ-డీఎన్ఏ లేకపోయినా విర్ జన్యువులన్నీ బాగున్న స్ట్రెయిన్‌తో నా మ్యూటెంట్లను కలిపి ఒకే గాటులో పెట్టాను. విడివిడిగా ఏదీ కణితి పుట్టించలేదు. కలిపి పెట్టినవాటిలో ఒక గాటు ఉబ్బింది! ఒకటి డీఎన్ఏ ఇస్తే, రెండోది ప్రొటీన్ ఇచ్చింది. డీఎన్ఏ, ప్రొటీన్ విడివిడిగా వెళ్లగలవని కళ్లారా చూసిన ఆ రోజు నాకు ఈ పని మీద ప్రేమ రెట్టింపయింది. తర్వాత మంచి విర్‌ఈ2 ఇస్తే ఆ మ్యూటెంట్ ఒంటరిగానే కణితి పుట్టించింది.

కలిపినా ఉబ్బనివి మిగిలాయి. నా అనుమానం విర్‌బీ మీద. డీఎన్ఏనూ ప్రొటీన్లనూ దాటించే మార్గాన్ని కట్టేది అదే. అందులో 11 జన్యువులున్నాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చి చూస్తున్నాను.