కొత్త కారుకు గీత ఎక్కడ పడుతోంది: మా యార్డులో నా అనుభవం

చెన్నైలో ఒక కార్ల డీలరు స్టాక్‌యార్డు బాధ్యత నాది. పూందమల్లి దాటి శ్రీపెరుంబుదూరు వెళ్ళే దారిలో ఉంటుంది మా యార్డు. ఇరుంగాట్టుకోట్టై, ఒరగడం కార్ల కర్మాగారాలు మాకు దగ్గరే అయినా, మేం అమ్మే కార్లు మాత్రం పుణె పక్కనున్న చాకణ్ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు ట్రైలర్ల మీద వస్తాయి. వచ్చిన వాటిలో గీతలు, సొట్టలు ఎక్కువవుతున్నాయని, వాటిని తగ్గించే దారి చూడమని యాజమాన్యం నాకు అప్పజెప్పింది.

తప్పంతా రోడ్లదీ డ్రైవర్లదీ అని అందరూ ముందే తేల్చేశారు. నేను పాత పీడీఐ కాగితాలు, అంటే డెలివరీకి ముందు చేసే తనిఖీ నివేదికలు, ముందేసుకుని ఏ దెబ్బ కారులో ఏ భాగాన ఉందో రాసుకుంటూ పోతే వేరే సంగతి బయటపడింది. దారిలో రాయి ఎగిరితే బానెట్‌కో ముందు అద్దానికో తగలాలి, చెట్టు కొమ్మ గీస్తే పై అంతస్తు కార్ల టాపు మీద కనబడాలి. మా కాగితాల్లో ఎక్కువగా ఉన్నవి డ్రైవరు వైపు తలుపు అంచు దెబ్బలు, ముందు బంపరు అడుగున ఒరిపిడి, అల్లాయ్ రిమ్ముల మీద గీతలు. ఇవి ప్రయాణంలో పడేవి కావు, ఎక్కించేటప్పుడో దించేటప్పుడో పడేవి.

దించే చోట నిలబడి చూస్తే కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ట్రైలర్ పై అంతస్తులో కారుకూ ఇనుప స్తంభానికీ మధ్య ఖాళీ జానెడుకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. ఆ సందులో తలుపు ఓరగా తెరిచి, ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి లోపలికి దూరాలి. తలుపు అంచు స్తంభానికి తగులుతుంది, మనిషి నడుము బెల్టు బకిలు ఫెండరును రాసుకుంటుంది. పైగా మేం ట్రైలర్ నిలిపే చోట నేల వెనక్కి వాలి ఉండడంతో ర్యాంపు నిట్రంగా మారి, బంపరు అడుగు నేలకు ఒరుసుకునేది.

స్తంభాలకు ఫోము చుట్టించాం. కార్లు దించేవాళ్ళు బెల్టు, గడియారం, ఉంగరం తీసేసి, బయటికి గుండీలు లేని కోటు వేసుకోవాలన్నాం. ట్రైలర్ నిలిచే చోట నేల చదును చేసి కాంక్రీటు పోయించాం. వీటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చిక్కంతా రాత్రిపూట దించకూడదన్న నియమంతో వచ్చింది. టార్చి వెలుగులో, దుమ్ము పట్టిన కారు మీద సన్నటి గీత కనబడదు. పొడిగుడ్డతో తుడిచి చూద్దామంటే ఆ దుమ్మే కొత్త గీతలు పెడుతుంది. కానీ తిరుగు లోడు దొరకాలంటే డ్రైవరు తొందరగా బయలుదేరాలి, అతని తొందరలో అన్యాయమేమీ లేదు. రాత్రి వచ్చినవాళ్ళకు పడుకోవడానికి గది, స్నానానికి నీళ్ళు ఏర్పాటు చేసి, తెల్లవారగానే మొదట వాళ్ళ బండే దించుతామన్నాక గాని ట్రాన్స్‌పోర్టరు ఒప్పుకోలేదు.

అలా తెల్లవారాక దించుతున్న ఒక ఉదయం, కావలి ఊరివాడైన ఒక డ్రైవరును అడిగాను: “అన్నా, ఈ రిమ్ము మీద గీత ఎప్పటిది?”

“ఎక్కించినప్పుడే ఉంది సార్. చెబితే ఎవరు వింటారు? నా బత్తాలో కోసేస్తారు.”

అప్పటిదాకా ఎల్‌ఆర్, అంటే సరుకుతో వచ్చే లారీ రసీదు, మీద చూడకుండానే ‘సరుకు బాగుంది’ అని సంతకం పెట్టే అలవాటు అన్నిచోట్లా నడిచింది. దాంతో దెబ్బ ఎవరి చేతిలో తగిలిందో తేలేది కాదు, తేలనిదాన్ని సరిచేసేవాళ్ళూ ఉండరు. ఇప్పుడు ఎక్కించాక ఒకసారి, దించాక ఒకసారి నాలుగు వైపులా, నాలుగు రిమ్ములకూ ఫోటోలు తీస్తున్నాం, కనబడినది ఎల్‌ఆర్ మీదే రాయిస్తున్నాం. డ్రైవర్లు ఎదురుతిరుగుతారనుకున్నాను గాని, ఫోటో తమను కాపాడుతుందని అర్థమయ్యాక వాళ్ళే ముందుగా ఫోను తీస్తున్నారు. రిమార్కు రాసినంతమాత్రాన పని అయిపోదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, నష్టం విషయంలో ట్రాన్స్‌పోర్టరు మీద దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. అందుకే ఆ తేదీని ఫైలు అట్ట మీదే రాసి పెడుతున్నాం.

ఆయుధ పూజకు ముందు రోజుల్లో డెలివరీల ఒత్తిడి ఎంత ఉన్నా రాత్రి దించడం లేదు, స్టాకునే ముందుగా తెప్పించుకుంటున్నాం. తలుపు దెబ్బలు దాదాపు ఆగిపోయాయి. రిమ్ముల గీతలు మాత్రం ఇంకా వస్తున్నాయి. చక్రానికి స్ట్రాపు బిగించేటప్పుడు ర్యాచెట్ కొక్కెం తగిలి పడేవి అవి. కొక్కేలకు రబ్బరు తొడుగులు వేయమని ట్రాన్స్‌పోర్టరుకు రాశాం. కొన్ని ట్రైలర్లకు వేశారు, మిగతావాటి కోసం అడుగుతూనే ఉన్నాం.