కొట్టుకునే ట్యూబులైటు: ఈసారి దొంగ హోల్డర్లో దొరికాడు

చోకు మారింది, స్టార్టరు మారింది, ట్యూబూ కొత్తదే. అయినా స్విచ్ వేస్తే ఒక్కోసారి చిటికెలో వెలుగుతుంది, ఒక్కోసారి నిమిషం పాటు టపటపా కొట్టుకుని ఊరుకుంటుంది. మీటరు ఎక్కడ పెట్టినా అంతా సవ్యమే అంటోంది, విసుగంతా అక్కడే.

ఇది 36 వాట్ల టీ8 (సన్నరకం) ట్యూబు, రాగి తీగ చుట్టిన పాతకాలం చోకు, 230 వోల్టుల సప్లై.

స్టార్టరు తీసి దాని సాకెట్లో కొలిస్తే 228 వోల్టులు. ఈ అంకెను నమ్మడానికి లేదు. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్సు 10 మెగోమ్‌లు. దారిలో కొన్ని వేల ఓమ్‌ల పాడు కాంటాక్టు ఉన్నా వోల్టేజీ నిండుగానే చూపిస్తుంది. అదే సాకెట్‌కి 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు తగిలిస్తే గుట్టు బయటపడింది. పట్టీని (ట్యూబు బిగించే రేకు చట్రాన్ని) చెక్క పుల్లతో తడితే బల్బు మసకబారి, మళ్లీ తేరుకుంటోంది.

మరి ఏ చివర? స్టార్టరు కలిసినప్పుడు కరెంటు ట్యూబు రెండు చివరల్లోని ఫిలమెంట్లను కాచుతుంది, అది విడిపోగానే చోకు పెద్ద వోల్టేజీ దెబ్బ కొట్టి ట్యూబుని వెలిగిస్తుంది. ఫిలమెంట్లు రెండూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) ఉంటాయి కాబట్టి ఏ చివర పట్టు తప్పినా రెండు చివరలూ ఒకేలా డల్ అవుతాయి, కంటికి తేడా తెలియదు. మెయిన్ ఆపి, సప్లై తీగలు విప్పి, స్టార్టరు సాకెట్‌ని తీగ ముక్కతో కలిపి ఓమ్‌లు చూడాలి. చోకు 40, ఫిలమెంట్లు చెరి 3, మొత్తం 46 రావాలి, వచ్చింది 47. చోకు వైపు హోల్డరును కదిపితే అంకె చలించలేదు. అవతలి హోల్డరును కదిపితే 70, 110, మధ్యలో పూర్తిగా ఓపెన్!

ట్యూబు ఒక్కో చివర రెండు పిన్నులు: ఒకటి సప్లై వైపు, ఒకటి స్టార్టరు వైపు. ఆ హోల్డర్లోనూ తప్పు స్టార్టరుకి వెళ్లే పిన్నుదే. ఎందుకంటే ట్యూబు ఒకసారి వెలిగాక మిణుకన్నదే లేదు. వెలిగాక కరెంటు సప్లై వైపు పిన్ను మీదుగానే నడుస్తుంది, స్టార్టరు వైపు పిన్నుకి పని ఉండదు. వెలిగించేటప్పుడు మాత్రం అదే పిన్ను 0.6 ఆంపియర్ల దాకా మోయాలి. అక్కడ పట్టు సడలితే ఫిలమెంటు చాలినంత వేడెక్కదు. ఇంకో అనుమానం: స్టార్టరు విడిపోయే క్షణంలో హోల్డరు కాంటాక్టు కూడా విడిపోతే చోకు కొట్టే దెబ్బలో కొంత అక్కడి నిప్పురవ్వకే పోతుంది. పిన్ను మీద నల్లమచ్చ ఉంది మరి.

400 నంబరు గరుకు కాగితంతో పిన్ను రుద్ది, హోల్డరు రేకును ముక్కు పటకారుతో పైకి లేపితే కొద్ది రోజులే ఆగింది. ట్యూబు చివరల వేడికి బిగువు పోయిన రేకుని ఎంత వంచినా మళ్లీ వాలిపోతుంది. రోటరు (పిన్నులను తిప్పి బిగించే ముక్క) ఉన్న కొత్త హోల్డర్ల జత వేశాక మీటరు 46 ఓమ్‌ల దగ్గర కదలకుండా ఉంది.

గ్లో స్టార్టర్లలో (మామూలు రకం, లోపల చిన్న గ్యాసు బల్బు ఉండేవి) ఫిలిప్స్ ఎస్10కే ఓటు. లోపల కెపాసిటరు లేని చవక రకాలు రేడియోలో గరగర పుట్టిస్తాయి. ఎలక్ట్రానిక్ చోకు మీద మోజు లేదు, అందులో ఎండిపోయే కెపాసిటర్లతో కొత్త తలనొప్పి. ఎలక్ట్రానిక్ స్టార్టరు సంగతి వేరు: ఫిలమెంట్లను సెకను పైగా కాచి, ఒకే దెబ్బకి వెలిగిస్తుందట. తర్వాత వేసి చూసేది అదే. దాంతోపాటు పట్టీ రేకుకి ఎర్త్ కలిపి, ఫేజుని చోకు వైపుకి మార్చి, 190 వోల్టుల దగ్గర ఈ రెండు రకాల స్టార్టర్లలో దేనితో ట్యూబు ముందు వెలుగుతుందో వేరియాక్ (వోల్టేజీని తగ్గించి పెంచే ట్రాన్స్‌ఫార్మరు) పెట్టి చూడాలి.