పూత వేయించాలా, బోరు చేయించాలా?

ఇంజన్‌లో పిస్టన్ పట్టేశాక (సిలిండరులో ఇరుక్కుని ఆగిపోయాక) మూడో రోజుకు గానీ హెడ్డు విప్పే ధైర్యం రాలేదు. విప్పితే అనుకున్నదే. ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికెళ్లే కంత) వైపు పిస్టన్ మీద నాలుగు నిలువు గీతలు, రెండో రింగు గాడిలోనే ఇరుక్కుపోయి ఉంది. బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండరు రంధ్రంలో, అదే ఎత్తున అల్యూమినియం అంటుకుని వెండి రేకులా మెరుస్తోంది. గోరు పెట్టి లాగితే తగులుతోంది.

నాది టూ స్ట్రోక్ ఇంజన్, అసలు బోరు 50 మి.మీ., అల్యూమినియం సిలిండరు లోపల ఇనుప స్లీవ్ (గొట్టంలాంటి లోగోడ). అరిగినప్పుడల్లా బోరును కాస్త పెద్దది చేయించి, అంతే పెద్ద పిస్టన్ వేస్తారు; దాన్నే ఓవర్‌సైజ్ అంటారు. ఇప్పటికే 0.75 మి.మీ. ఓవర్‌సైజ్ మీద నడుస్తోంది. ఇక మిగిలింది 1.00 ఒక్కటే, దాని తర్వాత ఈ పిస్టన్‌లో సైజు లేదు. అందుకే ఈసారి బోరు చేయించకుండా నికాసిల్ పూత వేయిస్తే పీడా పోతుంది కదా అనిపించింది. నాలుగు రాత్రులు అదే ఆలోచన. (బోరు సంగతి ఇంట్లోవాళ్లకి చెప్పి చెప్పి నిజంగానే బోరు కొట్టించాను.)

పూత మీద మోజు ఊరికే పుట్టలేదు. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి పెట్టే పూత అది. మాలె కంపెనీ 1967లో వాంకెల్ (పిస్టన్ బదులు రోటరు తిరిగే) ఇంజన్ల కోసం తెచ్చింది. అంత గట్టిది కాబట్టే హోనింగ్‌కి (బోరు గోడను సన్నగా సానపట్టడానికి) వజ్రపు రాళ్లు కావాలి. అసలు లాభం వేడి దగ్గర ఉంది. 50 మి.మీ. అల్యూమినియం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.11 మి.మీ. పెరుగుతుంది, ఇనుము అందులో సగమే. పిస్టన్ ఉబ్బుతుంటే ఇనుప గోడ దానితో సమానంగా జరగదు. గోడ కూడా అల్యూమినియమే అయితే రెండూ కలిసి పెరుగుతాయి, వేడీ త్వరగా సిలిండరు బయటున్న చల్లార్చే రెక్కల్లోకి పోతుంది.

సరిగ్గా ఇక్కడే నా లెక్క తప్పింది. నా స్లీవ్ గోడ 4 మి.మీ. దాన్ని తీసేస్తే బోరు 8 మి.మీ. పెద్దదవుతుంది. పూత మందమేమో దాదాపు తలవెంట్రుకంత, 0.07 మి.మీ. ఆ గుంత అది పూడ్చలేదు. అంటే ఇనుము మీదే పూయించాలి. పూయొచ్చు, నిలుస్తుంది కూడా. గోడ అరగడం తగ్గుతుంది, వేడి మాత్రం అదే ఇనుములో చిక్కుకుంటుంది. నేను ఆశపడిన దాంట్లో సగమే చేతికొస్తుంది. కంపెనీ నుంచే పూతతో వచ్చిన అల్యూమినియం సిలిండరైతే రెండో ఆలోచన లేకుండా మళ్లీ పూతే వేయించేవాణ్ని, స్లీవ్ జోలికి పోయేవాణ్ని కాను.

సిలిండరు పట్టుకెళితే లేత్ షాపు అన్న దాన్ని తిప్పి చూసి ఒకే మాట అడిగాడు: "ముందు ఎందుకు పట్టేసిందో చూశావా?"

చూడలేదు. ఇంటికొచ్చి కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని వంచితే కింది వైపు పగులు నోరు తెరిచింది. అక్కణ్నుంచి గాలి లాక్కుని మిశ్రమం పలచబడింది, పెట్రోలు తగ్గితే అందులో కలిపి పోసే నూనె కూడా తగ్గింది. ఈ పగులు అలాగే ఉంచి బంగారు పూత వేయించినా పిస్టన్ మళ్లీ పట్టేసేదే.

1.00కే బోరు చేయించాను. పోర్టు కింద ఎక్కువ అరిగిన చోట 50.84 ఉంది కాబట్టి 51కి శుభ్రంగా తేలింది. ఇది కూడా అరిగితే కొత్త స్లీవ్ దిగుతుంది, మళ్లీ 50 నుంచి మొదలు.

తిరిగొచ్చిన సిలిండరులో పోర్టుల అంచులు కత్తిలా ఉన్నాయి. రింగు వాటికి తగిలితే విరుగుతుంది. సన్నని ఆకురాయితో, ఆ తర్వాత తడి గరుకు కాగితంతో ఒక్కో అంచూ కాస్త వాలుగా గుండ్రం చేసేసరికి సాయంత్రమైంది. సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగాను. నూనెలో ముంచిన తెల్లగుడ్డతో తుడిస్తే మూడోసారికీ బూడిదరంగు వదిలింది. నాలుగోసారి కడగాలి. రబ్బరు గొట్టం ఇంకా రాలేదు.