నార్ఫోక్ రిజిస్టర్లలో మా అల్లుడి పూర్వీకులు

మా అల్లుడి తాతముత్తాతలు ఇంగ్లండులోని నార్ఫోక్ కౌంటీలో వ్యవసాయ కూలీలు. మనవరాలు తన వంశవృక్షం రెండు వైపులా కావాలని పట్టుబట్టడంతో, విశాఖలో పెదవాల్తేరు ఇంట్లో కూర్చుని ఆ ఊరి చర్చి పుస్తకాలు తిరగేసే పని నా మీద పడింది. మన ఇళ్లలో తద్దినం నాడు మూడు తరాల పేర్లు పలుకుతారు. ఆపైన కావాలంటే చెప్పగల పెద్దవాళ్లు మిగిలి ఉండాలి. అక్కడ మాత్రం 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ జారీ చేసినప్పటి నుంచి, బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఖననాలూ ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లోనూ, పుస్తకానికి ఎక్కాలి. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం కూడా వచ్చింది కాబట్టి, అసలు పుస్తకం చెమ్మకు పాడైనా చాలాచోట్ల నకలు ఆదుకుంటుంది. మన పాతనగరం యూరోపియన్ శ్మశానంలో ఉన్నవారి గురించి వెతికేవారికీ ఇటువంటి నకళ్లే దిక్కు: మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్ చేరిన నకళ్లు 1698 మొదలుకొని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

నార్ఫోక్ రిజిస్టర్ల చిత్రాలు ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 1813లో అచ్చు ఫారాలు వచ్చేదాకా ఏం రాయాలన్నది పాదిరి ఇష్టం. "జాన్, జాన్ మేరీల కుమారుడు" అని ఊరుకుంటే, అదే ఊళ్లో ముగ్గురు జాన్‌లున్నప్పుడు ఎవరిని పట్టుకోవాలి? ఫారాలు వచ్చాక తండ్రి వృత్తి, నివాసం తెలుస్తాయి. పెళ్లిళ్లకు మాత్రం 1754 నుంచే వధూవరులు సంతకం చేయాలి. అల్లుడి పూర్వీకుల్లో ఒకామె పేరు పక్కన సిరా ఒలికిన గుణకారం గుర్తు ఉంది. ఆమె చేతిరాత అంటూ మిగిలింది అదొక్కటే.

తేదీల దగ్గర జాగ్రత్త అవసరం. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, 1720 మేలో పెళ్లయిన జంటకు 1720 ఫిబ్రవరిలో బిడ్డ బాప్తిస్మం కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. ఆ ఫిబ్రవరి పెళ్లి తరువాతిదే. ఉగాదికి సంవత్సరం మార్చే మనకు ఇది చప్పున అర్థమవుతుంది.

1841 జనాభా లెక్కల్లో పెద్దవాళ్ల వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 1851లో పుట్టిన పారిష్ పేరు కూడా అడిగారు కాబట్టి, అక్కడి నుంచి వెనక్కి నడవడం సులువైంది.

అయితే నన్ను కట్టిపడేసినవి దరిద్రుల పోషణకు సంబంధించిన కాగితాలు. 1662 చట్టం ప్రకారం, తమ ఊరికి భారమవుతాడనుకున్న పరాయి ఊరివాణ్ణి అతని సొంత పారిష్‌కు పంపేయవచ్చు. అది ఏదో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్లు ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది పూర్తిగా పనిచేశావు అని విచారించేవారు. ఏడాది జీతానికి పూర్తిగా పనిచేస్తే ఆ ఊళ్లో పోషణ పొందే హక్కు వచ్చేది గనుక, కొందరు రైతులు ఏడాదికి కొద్దిరోజులు తక్కువగానే కుదుర్చుకునేవారు. నార్విచ్‌లోని రికార్డు కార్యాలయం నుంచి తెప్పించిన ఒక వాంగ్మూలంలో, అల్లుడి పూర్వీకుడు తాను పనిచేసిన యజమానులను వరుసగా చెప్పి, ఒకచోట ఏడాది కొలువు ముగిసే మైకేల్‌మస్ పండుగకు (సెప్టెంబరు 29) ముందే పంపేశారని చెప్పుకున్నాడు. బాప్తిస్మానికీ ఖననానికీ చెరొక వాక్యం దక్కిన మనిషికి, ఊరు వదిలించుకోవాలనుకున్నప్పుడు పేజీడు జీవితచరిత్ర దక్కింది. పేదవాడి మాట ఆ రోజుల్లో కాగితం మీదికి వచ్చింది ఎక్కువగా ఇటువంటి ఖర్చుల తగవుల్లోనే అని నా అభిప్రాయం.

ప్రస్తుతం వంశం 1661 దగ్గర ఆగింది. అంతకు ముందరి పుస్తకం లేదు. ఇంగ్లండు అంతర్యుద్ధం తరువాత 1660 దాకా బిషప్‌ల వ్యవస్థే రద్దయి ఉండటంతో ఆ ఏళ్ల నకళ్లూ లేవు. ఆ తరానికి కాస్త భూమి ఉండి ఉంటే నార్విచ్ బిషప్ కోర్టులో వీలునామా నమోదై ఉండవచ్చు. ఇప్పుడు ఆ సూచికలు చూస్తున్నాను.