కార్జం మీద తెల్లమచ్చలు

పోయిన నెల కోతకి ఇచ్చిన ఎనిమిది పందుల్లో ఐదింటి కార్జాలు పనికిరాలేదని మాంసం కొట్టు అన్న ఫోన్ చేశాడు. వెళ్లి చూశాను. ఎర్రటి కార్జం మీద పాలచుక్కలు చిలకరించినట్టు తెల్లమచ్చలు, ఒక్కోటి శనగబద్దంత, వేలితో రుద్దితే పోయేవి కావు. ఒకదాని చిన్నపేగు కోసి చూపించాడు. పెన్సిల్ లావున, జానెడు పొడవున ఏలికపాములు. "కొనేవాళ్లకి ఇవెలా చూపించను తమ్ముడూ" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "నట్టల మందు వేశాను కదా" అని. నిజంగానే వేశాను. పిల్లలు పాలు మానగానే ఒకసారి వేసి, అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. మా పశువుల డాక్టరు గారు ఫోటోలు చూసి, ఈ మచ్చలు పాతవి కావన్నారు. పురుగు పిల్లలు కార్జంలోంచి తొలుచుకుంటూ పోయినప్పుడు పడే గాయాలవి, మళ్లీ సోకకపోతే నెలా నెలన్నరలో మాసిపోతాయట. అంటే కోత రోజున మచ్చ ఉందంటే, ఆ పంది చివరి నెలా నెలన్నరలో నా షెడ్డులోనే గుడ్లు మింగిందన్నమాట. ఆరు నెలల క్రితం వేసిన మందు దాన్నెలా ఆపుతుంది?

ఒక్క ఆడ ఏలికపాము రోజుకి లక్షల్లో గుడ్లు పెడుతుంది. అవి పేడతో బయటికొచ్చి, తడీ వెచ్చదనం దొరికితే మూడు నాలుగు వారాల్లో సోకే దశకి వస్తాయి. అదే గుడ్డుని ఇంకో పంది మింగితే పేగులో పురుగు పిల్ల బయటపడి, కార్జంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, దగ్గుతో గొంతులోకి వచ్చి మళ్లీ పేగుకే చేరుతుంది. మా పందులు దగ్గుతుంటే వానాకాలం కదా జలుబేమో అనుకుని ఊరుకున్నాను. మేత సరిగ్గా తింటున్నా ఒళ్లు చేయకపోతే దాణా బాగాలేదని మిల్లువాడితో గొడవ కూడా పడ్డాను.

ఆ వారమంతా షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని నేల చూశాను. రోజూ ఎత్తేసే పేడతో అంత భయం లేదు, ఎందుకంటే దానిలో గుడ్లు ఇంకా తయారవ్వలేదు. భయమంతా మిగిలిపోయిన పేడతోనే. పందులు నోటితో నొక్కి నీళ్లు తాగే నిపుల్ కింద నీళ్లు కారి సిమెంటు పగిలిన చోట పుల్లతో గీకితే నల్లటి ముద్ద వచ్చింది, అది ఎన్ని నెలలదో. పార అక్కడికి అందదు. బ్లీచింగ్, ఫినాయిల్ పోస్తూనే ఉన్నాం, ఆ గుడ్డు పెంకుకి అవేమీ అంటవట. నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మరుగుతున్న నీళ్లు, ఆవిరి, ఫ్లేమ్ గన్, బాగా ఎండబెట్టడం, ఇవే పని చేసేవి. అందుకు గది ఖాళీగా ఉండాలి కదా, నేను ఒక్కరోజు కూడా ఖాళీ పెట్టలేదు. పెద్దవి వెళ్లిన సాయంత్రమే పిల్లల్ని దించాను.

తల్లి పందిని ఈనే గదిలోకి తోలే ముందు కడగకపోవడం ఇంకో తప్పు. ఆ గుడ్లు జిగురుగా ఉండి పొదుగుకీ పొట్టకీ అంటుకుంటాయి, పిల్లలు మొదటి గుక్క పాలతోనే వాటిని మింగుతాయి. ఇప్పుడు ఈనడానికి పది రోజుల ముందే మందు వేసి, గోరువెచ్చని నీళ్లు, సబ్బు, బ్రష్షుతో పొదుగు దాకా రుద్ది లోపలికి పంపుతున్నాం. బయట కొన్నవాటిని కూడా మందు వేసి కొన్నాళ్లు విడిగా కట్టేస్తున్నాం. పెంచే పందులకి ఎన్ని వారాలకోసారి వేయాలో, వేశాక ఎన్ని రోజులు కోతకి ఇవ్వకూడదో డాక్టరు గారు గోడ మీద రాసి వెళ్లారు.

బద్దెపురుగు సంగతి మాత్రం వేరు, దాని గురించి జనంలో ఉన్న అపోహ నన్ను చాలా బాధపెడుతుంది. పంది మాంసం తింటే మెదడులోకి పురుగులు పోతాయంటారు. తిత్తులు, అంటే ఆ పురుగు పిల్లలుండే చిన్న నీటి సంచులు, ఉన్న మాంసం సరిగ్గా ఉడక్కుండా తింటే పురుగు పెరిగేది పేగులో. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించేవి, ఆ పురుగున్న మనిషి మలంలో పోయే గుడ్లు. కడగని చేతులు, నీళ్లు, ఆకుకూరల ద్వారా అవి ఎవరి కడుపులోకైనా పోవచ్చు, పంది మాంసం ముట్టనివాళ్లకి కూడా. పందికి కూడా అది మనిషి మలం వల్లే వస్తుంది. అందుకే పందుల్ని బయట తిరగనివ్వకుండా ఉంచడం ఎంత ముఖ్యమో, పనివాళ్లకి మరుగుదొడ్డి కట్టించడం అంత ముఖ్యం. మా షెడ్డు దగ్గర అది లేదు. రెండేళ్లుగా వాళ్లు పొలం గట్టుకే వెళ్తున్నారు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఈ వారం గుంత తవ్వించాను, రేకులు రావాలి.

రెండు గదుల నేల పగలగొట్టి మురుగు కాలువ వైపు వాలు పెట్టి కొత్తగా పోయించాం. క్రిస్మస్‌కి వెళ్లే బ్యాచ్ ఇప్పుడు వాటిలోనే ఉంది. ఒక్కటి కూడా పారేయకుండా కార్జాలన్నీ నేను వచ్చేదాకా పక్కన పెట్టమని కొట్టు అన్నకి చెప్పాను.