మెరిత్ సవరం

ఆదివారం, నవంబరు

తెల్లవారినప్పటి నుంచి ఇటలీలోని ఈ తురీన్‌లో ముసురు పట్టి ఉంది. వారమంతా పోగుపడిన బట్టలు ఉతికి, ఎండ లేనందువల్ల గదిలోనే తాడు కట్టి ఆరవేసి, మధ్యాహ్నం రెండు గంటలకు గొడుగు తీసుకుని ఈజిప్టు మ్యూజియానికి బయలుదేరాను. ఈ ఊరికి వచ్చిన మూడేళ్లలో అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానో నేను లెక్క పెట్టుకోలేదు. మొదట్లో రెండవ రామ్సెస్ నల్లరాతి విగ్రహం ముందే చాలాసేపు నిలబడేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ పెద్ద విగ్రహాలన్నీ దాటుకుని నేరుగా ఖా, మెరిత్ దంపతుల గదికి వెళ్లిపోతున్నాను.

ఖా రాజు కాడు. ఇప్పటికి దాదాపు 3400 ఏళ్ల కిందట, నైలు నదికి పడమటి ఒడ్డున ఉన్న దేర్ అల్-మదీనా అనే ఊళ్లో ఉంటూ, రాజుల సమాధులు తొలిచే పనివాళ్లకు పెద్దగా పనిచేసినవాడు. మెరిత్ అతని భార్య. వాళ్ల సమాధిని 1906 ఫిబ్రవరిలో ఈ మ్యూజియం డైరెక్టరు ఎర్నెస్తో స్కియాపరెల్లి బృందం కనిపెట్టింది. సమాధికి చెందిన పూజామందిరం ఒకచోట, శవపేటికలు ఉంచిన గది దానికి దూరంగా ఎదుటి కొండవాలులో ఉండడం వల్ల దొంగల చెయ్యి దాని మీద పడలేదు. అందుకే పెద్ద సమాధుల్లో కూడా దొరకనిది ఇక్కడ దొరికింది: ఒక ఇల్లు, ఇంట్లోని సామానుతో సహా.

ఆ గదిలో నన్ను ఎక్కువగా నిలబెట్టేది మెరిత్ సవరం. మనిషి జుట్టుతో సన్నసన్నని పాయలుగా అల్లి చేసిన నిండైన సవరం అది. పక్కనే దాన్ని దాచుకున్న పొడవాటి చెక్కపెట్టె, దాని మీద మెరిత్ పేరు ఉన్నాయి. ఈ రోజు అద్దానికి బాగా దగ్గరగా వంగి చూశాను. పాయల్లో ఇంకా ఒక మెరుపు ఉంది, నూనె రాసి దువ్విన తలకు ఉండే మెరుపు లాంటిది. ఎవరో ఒకామె కూర్చుని, ఓపికగా ఒక్కొక్క పాయ విడదీసి, చిక్కు లేకుండా అల్లింది. ఆమె పేరు ఎక్కడా లేదు, ఆమె పనితనం మాత్రం నా కళ్ల ముందే ఉంది. ఇంకొక పెట్టెలో మెరిత్ అలంకరణ సామాను, అందులో కాటుక పెట్టుకునే గొట్టం ఉన్నాయి. మంచానికి నార తాళ్లు అల్లారు, చూడగానే మన నులక మంచం గుర్తుకు వస్తుంది. బల్ల మీద ఎండిపోయిన రొట్టెలు రకరకాల ఆకారాల్లో ఉన్నాయి.

బట్టల దగ్గర మరికొంత సేపు ఆగాను. పదుల కొద్దీ నార బట్టలు దొరికాయి, వాటిలో చాలావాటి మీద ఖాకు చెందినవని తెలిపే చిన్న గుర్తు ఉంది. మా ఊళ్లో చాకలి గుర్తు అని బట్ట అంచున, లోపలి వైపున, చెరగని సిరాతో ఒక చుక్కో గీతో పెట్టేవారు. ఎవరింటి బట్టలు ఎవరికి వెళ్లాలో దాన్ని బట్టే తెలిసేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. అయితే పదిళ్ల బట్టలు ఒకచోట కలిసే ఊళ్లో మనిషికి ఏది అవసరమవుతుందో దాన్ని మనిషి ఎక్కడైనా చేస్తాడనడానికి ఆ గుర్తు ఒక్కటి చాలని నాకు అనిపించింది.

మెరిత్ ముందుగా చనిపోయింది. ఆమెకంటూ శవపేటిక ఇంకా సిద్ధం కాకపోవడంతో, ఖా తన కోసం చేయించుకున్న పేటికలో ఆమెను ఉంచారు. అది ఆమెకు పెద్దదైపోయింది కాబట్టి మిగిలిన ఖాళీలో నార గుడ్డలు కుక్కారు. తరువాతి కాలంలో ఎక్స్-రేలు తీసి లోపలికి చూశారే తప్ప, ఈ ఇద్దరి మమ్మీల కట్లు ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో మమ్మీల కట్లు విప్పడాన్ని జనం ముందు ప్రదర్శనగా జరిపిన సందర్భాలు ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లకు, ఖా, మెరిత్ అలాగే ఉండిపోవడం ఎంత అరుదో అర్థమవుతుంది.

ఇంత సామాను ఇటలీకి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ గదిలో ఎప్పుడూ నన్ను వదలదు. ఆనాడు తవ్వకాలకు అనుమతి ఇచ్చే పురావస్తు శాఖ ఈజిప్టుదే అయినా, దాని అధిపతి గాస్తోన్ మాస్పెరో అనే ఫ్రెంచివాడు. దొరికిన వాటిలో కొంత భాగాన్ని తవ్వినవాళ్లకు పంచి ఇవ్వడం అప్పటి నియమం. ఖా సమాధి విషయంలో మాస్పెరో కొద్ది వస్తువులు మాత్రం కైరోలో ఉంచి, మిగిలినవన్నీ తురీన్‌కు ఇచ్చేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఖా పూజామందిరంలోని శిలాఫలకం ఒకటి అప్పటికే ఎనభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే ఉంది. ఫ్రాన్సు తరఫున ఈజిప్టులో దౌత్యాధికారిగా పనిచేసిన బెర్నార్దినో ద్రొవెత్తి సేకరించిన వేల వస్తువులను 1824లో కార్లో ఫెలీచె రాజు కొన్నప్పుడు, వాటితో పాటు అది కూడా వచ్చింది. ఆ కొనుగోలుతోనే ఈ మ్యూజియం పుట్టింది. అంటే ఫలకం మీది మనిషి ముందుగా వచ్చి, తన భార్య, మంచం, రొట్టెలు వచ్చేదాకా ఎదురుచూశాడన్నమాట.

రెండు దారులూ ఆనాటి చట్టం లోపలివే. అయినా ఆ చట్టాలను రాసింది ఈజిప్టు ప్రజలు కాదు. 1983లో ఈజిప్టు కొత్త చట్టం తెచ్చి ఆ ధోరణికి అడ్డుకట్ట వేసింది. వస్తువులన్నీ ఒకేచోట ఉండడం నిజంగా మేలే, ఇంటి సామాను పది దేశాల పాలైతే ఆ ఇల్లు ఇక ఎవరికీ కనిపించదు. అలాగని ఆ చోటు తురీనే కావాలని లేదు. నేను ఈ రెండు మాటలనూ పక్కపక్కనే ఉంచుకుంటున్నాను. ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టివేయడం నాకు న్యాయంగా తోచదు.

ఆ సమయంలో నా పక్కన ఒక తండ్రి, ఎనిమిదేళ్ల కూతురుతో అరబిక్‌లో ఏదో చెబుతూ నిలబడ్డాడు. ఈ ఊళ్లో ఈజిప్టు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు, అయితే ఆ పాప మెరిత్ సవరం వైపు చూపిస్తూ తన జడను ముందుకు వేసుకుని చూపించడం అర్థమైంది. అరబిక్ మాట్లాడేవారికి టికెట్టులో రాయితీ ఇచ్చినందుకు 2018లో ఈ మ్యూజియం మీద రాజకీయంగా పెద్ద దుమారం లేచింది, డైరెక్టరు క్రిస్తియన్ గ్రేకో బయటికి వచ్చి దాన్ని సమర్థించుకోవలసి వచ్చింది. ఆ రాయితీ సరైనదేనని ఇవాళ ఆ పాప ముందు నిలబడినప్పుడు నాకు ఇంకా గట్టిగా అనిపించింది.

బయటికి వచ్చే ముందు ఎల్లేసియా గుడికి వెళ్లాను. మూడవ తుత్‌మోస్ అనే ఈజిప్టు రాజు కాలంలో, ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలో కొండను తొలిచి కట్టిన చిన్న గుడి అది. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో నూబియా కట్టడాలు మునిగిపోకుండా కాపాడే పనిలో సాయపడినందుకు 1966లో ఈజిప్టు ఇటలీకి దాన్ని కానుకగా ఇచ్చింది, ముక్కలుగా కోసి ఇక్కడికి తెచ్చారు. చిన్నప్పుడు లాంచీలో నాగార్జునకొండకు వెళ్లినప్పుడు, సాగర్ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల ఊరు ఉందని, తవ్వి తీసినవాటిలో కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చారని నాన్న చెప్పారు. అక్కడ మన రాళ్లు మన కళ్ల ముందే పైకి ఎక్కాయి. ఇక్కడ రాళ్లు సముద్రం దాటి వచ్చాయి. అయితే ఇది అడిగి తీసుకున్నది కాదు, ఇచ్చినది కాబట్టి, ఆ గోడల మధ్య నిలబడినప్పుడు మిగిలిన గదుల్లో కలిగే ఇబ్బంది నాకు కలగదు.

ఇంటికి వచ్చేసరికి ఆరు దాటింది. ఆరవేసిన బట్టలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. అమ్మకు ఫోను చేసి సవరం సంగతి చెప్పాను. అమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఏమే, మూడు వేల ఏళ్లు పెట్టెలో ఉంటే చిక్కులు పడలేదా?" అని అడిగింది. పడలేదమ్మా, చాలా జాగ్రత్తగా అల్లారు అన్నాను. "ఈ సారి వెళ్లినప్పుడు దాని చివర ఎలా ముడి వేశారో చూసి చెప్పు" అంది.